బెంగళూరులో పెళ్ళికి పూలవాళ్ళని ఎలా చూస్కోవాలి

బెంగళూరులో పెళ్ళి పెట్టుకున్న మనవాళ్ళు చౌల్ట్రీ (అంటే కళ్యాణమండపం), క్యాటరింగ్, ఫోటోగ్రాఫర్ ఈ మూడింటి కోసం తెగ తిరుగుతారు, పూల సంగతొచ్చేసరికి మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు రీల్స్ చూసి ఒక డెకరేటర్‌కి అడ్వాన్స్ కొట్టేసి "పూలన్నీ ఆయనే చూస్కుంటాడులే" అని వదిలేస్తారు. తీరా తెల్లారుజామున మండపం ధగధగా మెరుస్తుంటుంది గానీ పెళ్ళికూతురి జడ రాలేదు, పూజకి విడిపూలు ఎవరూ చెప్పలేదు, పంతులుగారు ఖాళీ పళ్ళెం చూపించి "పూలేవమ్మా" అంటుంటే ఎవరో పిల్లాడు మండపం వెనక్కెళ్ళి స్తంభానికున్న చామంతులు పీక్కొస్తుంటాడు.

ఎందుకిలా అవుతుందంటే పెళ్ళిలో పూల పని ఒకటి కాదు, రెండు. ఒంటి మీదకీ చేతిలోకీ వచ్చే పూలు ఒక పని, అంటే దండలు, పూలజడ, పూజ పూలు, పేరంటాళ్ళకిచ్చే మల్లెపూలు. కంటికి కనపడే పూలు ఇంకో పని, అంటే మండపం, స్టేజ్, గేటు, కారు. మొదటిది పూలు కట్టేవాళ్ళ పని. రెండోది చేసేవాళ్ళు ఎక్కువగా బట్టలు, ఇనప ఫ్రేములు, లైట్ల మనుషులు, వాళ్ళకి పూలనేవి కూడా ఒక మెటీరియల్ అంతే. రెండూ బాగా చేసేవాళ్ళు లేకపోలేదు గానీ తక్కువ, అందుకని నేనైతే రెండూ ఇద్దరికి విడివిడిగా ఇవ్వమంటా. డెకరేటర్ "అన్నీ మేమే చేస్తాం సార్, ప్యాకేజీ" అంటాడు. అంటే దండలు అతనూ బయటే కొని తెస్తాడన్నమాట, ఆ కొనేదేదో మీరే కొనుక్కోవచ్చు.

1. ఫోన్లు చేసేముందు లిస్టు

ఒక కాగితం తీస్కుని ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి రోజు, టైము, ఏం కావాలి అని రాయండి. పెళ్ళికూతుర్ని చేసే రోజు నుంచి మొదలెట్టి మంగళస్నానాలు, గౌరీపూజ, ఎదుర్కోలు, రిసెప్షన్, ముహూర్తం, అప్పగింతల కారు, తర్వాత సత్యనారాయణ వ్రతం దాకా. మనవాళ్ళు మర్చిపోయేవి ఎప్పుడూ చిన్నచిన్నవే: మేనమామ తెచ్చే బుట్టకి చుట్టే పూలు, కొబ్బరిబోండాం, అడ్డుతెర అంచు, వియ్యాలవారికి వేసే దండలు, దేవుడి పటాలకి దండలు, విడిపూలు కిలోల్లెక్కన, మామిడాకుల తోరణాలు, అరటి చెట్లు. ఈ మామిడాకులూ అరటి చెట్లూ ఎవరి బాధ్యతో ముందే పేరు రాయకపోతే డెకరేటర్ క్యాటరింగ్ వాళ్ళనుకుంటాడు, క్యాటరింగ్ వాళ్ళు చౌల్ట్రీ వాళ్ళనుకుంటారు.

దండలు ఎన్ని జతలో కూడా ఇక్కడే తేల్చేయండి. రిసెప్షన్‌కి ఒక జత, ముహూర్తానికి ఒక జత తప్పనిసరి, ఎదుర్కోలుకి ఇంకోటి కావాలా వద్దా అనేది మీ ఇంటి పద్ధతిని బట్టి. రాత్రి వేసిన దండ పొద్దున మళ్ళీ వేద్దాం అనే ఐడియా మాత్రం వద్దు.

2. తేదీ చూసి పూలు, పూలు చూసి తేదీ కాదు

రీల్‌లో చూసిన మండపం ఏ నెలలో కట్టారో మీకు తెలీదు. మల్లెలు ఎండాకాలం పంట, మార్చి నుంచి జూన్ దాకా దండిగా వస్తాయి, చలికాలంలో దిగుబడి పడిపోయి రేటు ఎక్కడికో పోతుంది. అప్పుడు కాగడా మల్లె దొరుకుతుంది, చూడ్డానికి బాగుంటుంది, వాసన మాత్రం పెద్దగా ఉండదు. చామంతికి చలికాలం మంచి సీజను. మార్గశిరంలో పెళ్ళి పెట్టుకుని జడంతా మల్లెమొగ్గలే కావాలంటే కట్టిస్తారు, డబ్బు మీది. (మల్లెల గురించి చెప్తున్నా కాబట్టి, కర్ణాటకలో మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలు మూడింటికీ జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేక సరుకనే గుర్తింపు ఉంది, మీకు ఫలానా ఉడుపి మల్లెలే కావాలంటే ఆ మాట చాలా ముందే చెప్పాలి.)

పండగల క్యాలెండర్ కూడా చూడండి. శ్రావణమాసంలో ముహూర్తాలుంటాయి, అదే నెల్లో వరలక్ష్మీ వ్రతం. బెంగళూరులో దాన్ని వరమహాలక్ష్మి హబ్బ అని పెద్ద ఎత్తున చేస్తారు, ఆ వారం పూల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. దసరా, దీపావళి కూడా అంతే. గులాబీలకైతే ఫిబ్రవరి 14 ముందు వారం, హోసూరు, దొడ్డబళ్ళాపుర వైపు తోటల్లోంచి మంచి గులాబీ ఎక్స్‌పోర్ట్‌కి వెళ్ళిపోతుంది, మన మాఘమాసం పెళ్ళిళ్ళు సరిగ్గా అప్పుడే పడతాయి. మూఢం అయిపోగానే వచ్చే మొదటి ముహూర్తాలకి ఇంకో ఇబ్బంది, పూలున్నా మనుషులు ఖాళీ ఉండరు, ఒకే టీమ్ ఒక రాత్రిలో రెండు మూడు చౌల్ట్రీలు ఒప్పుకుంటుంది. అలాంటి తేదీ అయితే మూడు నెలల ముందే మాట్లాడుకోండి.

3. చౌల్ట్రీ వాళ్ళని అడగాల్సినవి

బయట డెకరేటర్‌ని రానిస్తారా, రానిస్తే రాయల్టీ అని ఏమన్నా కట్టాలా, గోడలకి మేకులు కొట్టనిస్తారా, స్టేజ్ పొడవు వెడల్పు, సీలింగ్ ఎత్తు ఎంత, లోపలికి ఎన్నింటికి వదుల్తారు, ఎన్నింటికల్లా ఖాళీ చెయ్యాలి. ఇవి అడక్కుండా డెకరేటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. కొన్ని చోట్ల వాళ్ళ ఆస్థాన డెకరేటర్ తప్ప ఇంకొకరికి ఎంట్రీయే ఉండదు, అప్పుడు మీకు మిగిలేది దండలూ జడా మాత్రమే, అవైనా మీ చేతిలో పెట్టుకోండి.

4. దండలూ జడా కట్టేవాళ్ళు

వీళ్ళు ఆన్‌లైన్‌లో పెద్దగా కనపడరు, వెళ్ళి చూడాల్సిందే. మొదట కె.ఆర్. మార్కెట్. 1928 నుంచీ ఉన్న మార్కెట్ అది, పూల బేరం తెల్లవారకముందే మొదలైపోతుంది, ఎండెక్కాక వెళ్తే మిగిలినవే. గ్రీన్ లైన్ మెట్రో మార్కెట్ దగ్గరే ఆగుతుంది కాబట్టి పార్కింగ్ గోల లేదు గానీ పాత చెప్పులు వేస్కెళ్ళండి, కింద నీళ్ళూ ఆకులూ తొక్కిన బంతిపూలూ కలిసి జారుతుంటుంది. అంత పొద్దున్నే మా వల్ల కాదంటే బసవనగుడి గాంధీబజార్, మల్లేశ్వరం 8వ క్రాస్, ఇక్కడ తరాలుగా పూలు కట్టేవాళ్ళు ఉన్నారు, రేటు కాస్త ఎక్కువ, పని నీటుగా ఉంటుంది. భాష గురించి బెంగ వద్దు, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి పూలు తెచ్చేవాళ్ళలో తెలుగొచ్చినవాళ్ళు బోలెడుమంది. పూల పేర్లు మాత్రం ఫోటో చూపించి చెప్పండి, మన లిల్లీ ఇక్కడ సుగంధరాజ.

విడిపూలు కిలో లెక్క, కట్టినవి మూర లెక్క, ఇక్కడ మొళ అంటారు, బారని మారు అంటారు. మూర అంటే అమ్మేవాళ్ళ మోచెయ్యి కొలత, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది, పైగా పేరంటాళ్ళ పూలకి వంద మూరలంటే తేడా బాగా కనపడుతుంది. ముందు ఒక మూర కొని అందులో పూలు దగ్గరగా కట్టారా, ఎడంగా కట్టారా చూడండి, తర్వాత ఆర్డర్.

దండ ఎలా చూడాలంటే, ముందువైపు కాదు, తిప్పి వెనకవైపు చూడండి. మెడకి ఆనే చోట దారం ముళ్ళు, తీగ ముక్కలు పొడుచుకొస్తున్నాయా, ఆకుతో గానీ బట్టతో గానీ కప్పారా. చేత్తో పట్టుకుని ఒకసారి మెల్లిగా విదిలించండి, రేకులు రాలితే నిన్నటి పూలు. తర్వాత తెల్లటి టిష్యూ కాగితం తీసి దండకి అదిమి పట్టుకోండి. నీళ్ళు ఓడుతూ కాగితం తడిసి ముద్దయితే అదే తడి రేపు పట్టుచీర మీదకి దిగుతుంది, బరువు కూడా ఆ నీళ్ళదే. కాగితానికి రంగు అంటితే ఆ దండ అసలే వద్దు. నీలం చామంతులు, నీలం ఆర్కిడ్లు అని ఫోటోల్లో కనపడేవి ఎక్కువగా రంగు పట్టించినవే. మా పిన్ని కూతురి రిసెప్షన్‌లో ఆ నీలం కాస్తా క్రీమ్ కలర్ పట్టు మీద భుజం నుంచి నడుం దాకా చార కట్టింది, ఆ ఫోటోల్లో తను ఒక పక్కకే తిరిగి ఉంటుంది పాపం. మన లిల్లీ కాకుండా పెద్ద విదేశీ లిల్లీలు పెట్టించుకుంటే మధ్యలో పుప్పొడి కాడలు కత్తిరించేయమనండి, అది పట్టుకి అంటిందా ఇంక పోదు.

మన పెళ్ళికి ప్రత్యేకంగా చెప్పాల్సినవి రెండున్నాయి. దండ మెడ దగ్గర సన్నగా, కిందకొచ్చేకొద్దీ లావుగా కట్టమనండి. మెడ చుట్టూ దిండులా ఉంటే మూడు ముళ్ళు వేసేటప్పుడు పెళ్ళికొడుక్కి వెనక మెడే కనపడదు, ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుని, ఇంకొకరు దండ ఎత్తి పట్టుకుని, అక్కడ పెద్ద సర్కస్. రెండోది జడ. నడినెత్తి మీద జీలకర్ర బెల్లం పెట్టాలి కదా, అక్కడ జానెడు పూలు పేర్చేస్తే ఎక్కడ పెడతారు? పైన ఖాళీ ఉంచి కిందనుంచి మొదలెట్టమనండి. కన్నడవాళ్ళ పెళ్ళిళ్ళలోనూ జీలకర్ర బెల్లం ఉంటుంది కాబట్టి పాతకాలం జడలు కుట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు, మొగ్గిన జడె (కన్నడలో మొగ్గల జడ) అంటే వాళ్ళే కొలతలు అడుగుతారు. జుట్టు పొడవు, సవరం పెడుతున్నారా, బిళ్ళలు ఏవన్నా కుట్టాలా అని. కొలత అడక్కుండా రేటు చెప్పినవాళ్ళకి ఆర్డర్ ఇవ్వకండి. బరువు కూడా చూడండి, అట్ట మీద కుట్టిన నిండు జడ వేస్కుని పీటల మీద గంటలకొద్దీ తల వంచుకుని కూర్చోవాలి ఆ పిల్ల.

ఇంకా ముఖ్యమైన ప్రశ్న, మొగ్గ ఎప్పటిది, కట్టాక ఎక్కడ పెడతారు? మల్లెమొగ్గ తెల్లారుజామున కోస్తారు, మామూలుగా వదిలేస్తే అదే రోజు సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి రిసెప్షన్‌కి అది బ్రహ్మాండం. పొద్దున 5 గంటల ముహూర్తానికి అదే మొగ్గ అయితే రాత్రంతా విచ్చుకుని అంచులు గోధుమరంగు తిరిగిపోతాయి. చల్లగా ఉంచగలిగితేనే నిలుస్తుంది. కాబట్టి "ఐస్ పెట్టిన డబ్బాలో ఉంచి రాత్రికి తెచ్చిస్తాం" అనేవాళ్ళు కావాలి, "ఏం కాదు మేడమ్, ఫ్రెష్షే" అనేవాళ్ళు కాదు. తెచ్చాక మీ పని, చౌల్ట్రీ స్టోర్‌రూమ్‌లో అరటిగెలలు, పళ్ళబుట్టలు ఉన్న చోట ఈ పూలు పెట్టకండి, పండే పళ్ళలోంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి పూలు తొందరగా వాడిపోతాయి. అందరూ అన్నీ ఆ ఒక్క గదిలోనే తోసేస్తారు, తాళం ఉంటుందని.

కనకాంబరాలకి వాసన లేకపోయినా నలగవు, బరువుండవు, జడలో పొద్దున పెట్టినవి సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. మల్లె, కనకాంబరం, మరువం కలిపి కట్టిన మాలకి మించి నాకైతే ఏ ఆర్కిడ్డూ ఆనదు.

5. మండపం డెకరేటర్

ముగ్గురితో మాట్లాడండి చాలు, పది మందితో మాట్లాడితే పది డిజైన్లు కలిసిపోయి ఇంట్లో గొడవలు. ఫోటోలు అందరివీ బాగుంటాయి, అందులో సగం వాళ్ళవే కావు కూడా. "ఈ నెల్లో మీరు చేస్తున్న పెళ్ళి ఏదన్నా ఉంటే వచ్చి చూస్తాం" అనండి. లోపలికి వెళ్ళక్కర్లేదు, ముందు రాత్రి సెటప్ జరుగుతున్నప్పుడు గేటు దగ్గర నిలబడ్డా తెలిసిపోతుంది, పూలు బకెట్లలో నీళ్ళలో ఉన్నాయా, గోనెపట్టా మీద కుప్పపోశారా అనేది.

ఆ తర్వాత ఒరిజినలా ఆర్టిఫిషియలా అనే మాట. ఫోన్లో ఇలా నడుస్తుంది:

"అన్నా, మండపానికి ఒరిజినల్ పూలేనా?"

"మిక్స్ మేడమ్."

"మిక్స్ అంటే?"

"ఫ్రంట్ అంతా ఒరిజినల్, బ్యాక్ ఆర్టిఫిషియల్."

"ఫ్రంట్ అంటే నాలుగు స్తంభాలా, రెండా?"

ఇక్కడ అటునుంచి కాసేపు సౌండ్ ఉండదు. మీరు వదలకండి. ఆర్టిఫిషియల్ పూలు తప్పేం కాదు, సీలింగ్‌లో అంత ఎత్తున ఏవైనా ఒకటే. చెయ్యి అందే ఎత్తులో ఉన్నవి, పీటల వెనక క్లోజప్ ఫోటోల్లో పడేవి అసలైనవి అయితే చాలు, మిగతాది పైకి పోనివ్వండి. కాకపోతే ఎక్కడ ఏది అనేది ఫోటో మీద గీసి వాట్సాప్‌లో పంపించుకోండి. ఆర్టిఫిషియల్ పెట్టే చోట శుభ్రంగా ఉతికినవి ఉండాలి, కొన్ని పూలు దుమ్ము పట్టి దగ్గరకెళ్తే తుమ్ములొస్తాయి.

పచ్చదనం ఎంత, పువ్వు ఎంత అనేది కూడా అడగండి. డిజైన్‌లో నిండుగా కనపడింది పెళ్ళి రోజు ముప్పావువంతు ఆకై కూర్చుంటుంది. గులాబీలు బంచ్‌కి 20, జెర్బెరా బంచ్‌కి 10 వస్తాయి మామూలుగా, కాబట్టి "ఎన్ని బంచ్‌లు వాడతారు" అని అడిగితే లెక్క దొరుకుతుంది. బంతీ చామంతీ ఎండకీ వేడికీ తట్టుకుంటాయి, ఆరుబయట మండపం అయితే వాటికే ఓటు. విదేశీ పూలు ఏసీ హాల్‌కి పెట్టుకోండి.

హోమం గురించి నోరు తెరిచి చెప్పాలి. పై నుంచి లిల్లీ మాలలు వేలాడే డిజైన్ ఇప్పుడు ఫ్యాషన్, హోమగుండం సరిగ్గా కిందే ఉంటే వేడికి అరగంటలో వడలిపోతాయి. ప్లాస్టిక్ పూలు, నెట్ బట్ట అయితే ఇంకా ప్రమాదం. గుండం ఎక్కడ పెడతారో పంతులుగారిని అడిగి ఆ చోటు డెకరేటర్‌కి చూపించి పైన ఖాళీ వదలమనండి. తలంబ్రాలప్పుడు చుట్టూ నిలబడే జనానికి చోటు కూడా లెక్కేస్కోవాలి, మండపం ముందు పూల కుండీలు పెడితే ఫోటోగ్రాఫర్ వచ్చి మొదట వాటినే పక్కకి లాగేస్తాడు. థర్మాకోల్ అక్షరాలు, థర్మాకోల్ ఏనుగులు అంటే వద్దని చెప్పేయండి, అలంకరణకి థర్మాకోల్ దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం.

6. రాత్రి మార్పిడి

బెంగళూరులో చాలా పెళ్ళిళ్ళకి రిసెప్షన్ ముందు రోజు సాయంత్రం, ముహూర్తం మర్నాడు పొద్దున. ఊర్నుంచి వచ్చిన మన చుట్టాలకి ఇది వింతగా ఉంటుంది గానీ పూల పనికి మాత్రం ఇదే అసలు పరీక్ష. రాత్రి పదిన్నర దాకా స్టేజ్ మీద ఫోటోలు అవుతూనే ఉంటాయి, ఆ తర్వాత సోఫా తీసి, వెనక తెర విప్పి, అదే చోట మండపం నిలబెట్టి తెల్లారుజాము 3 కల్లా పంతులుగారికి అప్పగించాలి. కాబట్టి డెకరేటర్‌ని అడగాల్సింది ఇది: రాత్రికి ఎంతమంది ఉంటారు, ఆ రాత్రి ఇంకెక్కడన్నా పని ఒప్పుకున్నారా, సూపర్‌వైజర్ ఎవరు, అతని నంబర్. డిజైన్లు చూపించిన నున్నటి మాటల మనిషి ఆ టైమ్‌కి ఫోనెత్తడు, నిద్రపోతుంటాడు. పెద్ద గూడ్స్ బండ్లకి రద్దీ టైములో సిటీలో ఆంక్షలుంటాయి కాబట్టి ముహూర్తం సామాను సాయంత్రం తెస్తామంటే నమ్మకండి, రిసెప్షన్ సామానుతో పాటే మధ్యాహ్నానికి దిగిపోవాలి.

7. కొటేషన్, డబ్బులు

లంప్‌సమ్ ఒక్క అంకె రాసిచ్చే కొటేషన్ తీస్కోకండి. మండపం, స్టేజ్, గేటు, దారి, కారు, ఏదానికదే రేటు, ఏ పూలు, ఎంత భాగం ఒరిజినల్, ట్రాన్స్‌పోర్ట్, లేబర్, లైట్లు, జనరేటర్ కరెంటు ఎవరిది, అన్నీ విడిగా ఉండాలి. జీఎస్టీ కలిపారా లేదా అడగండి, డెకరేషన్ సర్వీస్‌కి 18 శాతం, బిల్లు చివర్లో అది కలిస్తే బడ్జెట్ ఎగిరిపోతుంది. ఆ రోజు ఫలానా పువ్వు దొరక్కపోతే బదులు ఏది పెడతారో కూడా అందులోనే రాయించండి. ఇది రాయించకపోతే ఎర్ర గులాబీ బదులు గులాబీరంగు బంతి కూడా వచ్చేస్తుంది, అంటే మాటవరసకి.

సగం కన్నా ఎక్కువ అడ్వాన్స్ ఇవ్వద్దు. సెటప్ మొదలయ్యాక ఇంకొంత, పెళ్ళయ్యాక మిగతాది. దండలవాళ్ళకి ఇదంతా అక్కర్లేదు, కొంచెం అడ్వాన్స్, తెచ్చిచ్చినప్పుడు క్యాష్, అంతే. వాళ్ళతో బేరం మరీ గీచి గీచి ఆడకండి, చివరి రాత్రి ఇంకో పది మూరలు కావాలని ఫోన్ చేసేది వాళ్ళకే.

8. ఇంట్లో ఒక మనిషి

పూలకి ఒక్కరిని పెట్టండి, పెళ్ళికూతురి అమ్మనో నాన్ననో కాదు, ఏ బాబాయో పెద్దమ్మ కొడుకో, నిద్ర ఆపుకోగలిగినవాళ్ళు. వాళ్ళ ఫోన్లో దండలవాళ్ళ నంబర్, జడ కుట్టేవాళ్ళ నంబర్, సూపర్‌వైజర్ నంబర్, మొదటి లిస్టు ఫోటో ఉండాలి. పూలు రాగానే లిస్టుతో సరిచూస్కుని, దండలు ఏ జత ఎప్పటిదో చీటీ కట్టి, పూజపూలు మాత్రం విడిగా పంతులుగారి సామాను దగ్గరే పెట్టించాలి. బ్యాలెన్స్ డబ్బులు కూడా ఆ మనిషి దగ్గరే ఉంచండి, చౌల్ట్రీ ఖాళీ చేసే టైమ్‌కి డెకరేటర్ వాళ్ళు ఫ్రేములు మాత్రం విప్పుకుని పూల చెత్త అక్కడే వదిలేస్తే క్లీనింగ్ ఛార్జీ మీ డిపాజిట్‌లోంచి కోస్తారు, చెత్త లోడయ్యాకే చివరి పేమెంట్.